రెండు మిల్లీమీటర్ల రంధ్రం: ఒక ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కేసు

ఈ బండి గేర్‌బాక్సును నేను రెండుసార్లు దింపాను, ఏ క్లచ్‌కు ఎప్పుడు ఆయిల్ వెళ్ళాలో మళ్ళించే వాల్వ్ బాడీని ఐదుసార్లు విప్పాను. మొదటిసారికి మాత్రమే డబ్బు తీసుకున్నాను. మిగతా పనికి అడగడానికి నాకు ముఖం చెల్లలేదు, ఎందుకంటే అందులో సగం నా తప్పును నేనే దిద్దుకున్న పని.

కడపలో ఆటోమేటిక్ బాక్సులు పూర్తిగా విప్పి కట్టేవాళ్ళం తక్కువమంది. సందేహం వస్తే అడగడానికి పక్క వీధిలో ఇంకొక షాపు ఉండదు. బెంగుళూరుకు ఫోను చేస్తే "ఇక్కడికి పంపించు" అంటారు. గేరు మారేటప్పుడు బండి ఎంత గట్టిగా పట్టుకోవాలి, ఎంత మెత్తగా మారాలి అనే దాని మీద నాకున్న అభిప్రాయం ఈ ఒక్క బండితో మారింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

బండీ, బండి యజమానీ

1990ల చివరి నాటి పెద్ద డీజిల్ బండి. నాలుగు గేర్ల ఆటోమేటిక్, వెనుక చక్రాల డ్రైవ్. గేరు ఎప్పుడు మారాలో చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. మారేటప్పుడు క్లచ్ ప్లేట్లను ఎంత ఒత్తిడితో బిగించాలో మాత్రం యాక్సిలరేటర్‌తోపాటు కదిలే థ్రాటిల్ కేబుల్ చెబుతుంది. పెడల్ ఎంత తొక్కితే కేబుల్ అంత లాగుతుంది, బాక్సులో ఆయిల్ ఒత్తిడి అంత పెరుగుతుంది. మోడల్ పేరు రాయడం లేదు. మా ఊళ్ళో ఆ రకం బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, పేరు చెబితే మనిషి తెలిసిపోతాడు.

యజమాని కువైట్‌లో చాలా ఏళ్ళు డ్రైవరుగా పనిచేసి వచ్చాడు. మా జిల్లాలో ఈ వివరంతో ఎవరినీ గుర్తుపట్టలేరు, వీధికి ఇద్దరు ఉంటారు. అక్కడ పెద్ద పెట్రోలు కార్లు నడిపిన చెయ్యి అతనిది. గేరు మారిన సంగతి కూర్చున్నవాళ్ళకు తెలియకూడదు, అదీ అతని కొలబద్ద. ఈ బండిని బెంగుళూరులో పాతదిగా కొన్నాడు. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు చిన్న కుదుపు ఉందని ఒక చోట చూపిస్తే, వాళ్ళు అరగంటలో మెత్తగా చేసి ఇచ్చారట. ఆరు నెలలు వెన్నలా నడిచిందని నాతో చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు కూడా అతని ముఖంలో సంతోషమే ఉంది.

ఫిర్యాదు

వచ్చిన రోజు నా పుస్తకంలో రాసుకున్న మూడు వాక్యాలు ఇవి. గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు రెండు నుంచి మూడుకు మారే ముందు ఇంజను ఒక్కసారి అరుస్తుంది. ఆయిల్ మాడిన వాసన వస్తోంది. బండి బాగా వేడెక్కాక రివర్స్ వేస్తే ఆలస్యంగా పడుతుంది.

మొదటి రెండు వాక్యాల కింద గీత గీశాను. మూడో దాని కింద గీయలేదు. పాత బాక్సు, సీళ్ళు గట్టిపడి ఉంటాయి, కొత్త సీళ్ళు వేస్తే అదే పోతుందనుకున్నాను.

డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ కాఫీ డికాషన్ రంగులో ఉంది. కేబుల్ చూస్తే "మెత్తగా చేయడం" అంటే ఏమి చేశారో అర్థమైంది. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు కేబుల్ మీద నొక్కి ఉన్న చిన్న గుండు, తొడుగు అంచుకు ఒక మిల్లీమీటరు లోపల రావాలి. ఇక్కడ ఎనిమిది మిల్లీమీటర్ల సందు ఉంది. అంటే పెడల్ నేలకు తగిలినా, బాక్సు మాత్రం డ్రైవరు సగమే తొక్కాడనుకుంటోంది. గేజి పెట్టి, బ్రేకు బిగించి, డ్రైవ్‌లో పెడల్ పూర్తిగా తొక్కి చూసే స్టాల్ పరీక్ష చేశాను. ఇది ఐదు సెకన్లకు మించి చేయకూడదు, ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా బాక్సుకు అందించే కన్వర్టర్‌లో ఆయిల్ ఉడికిపోతుంది. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 7 కేజీలు చూపింది. కేబుల్‌ను సరైన చోటికి తెచ్చి మళ్ళీ చేస్తే 10.5 వచ్చింది. పంపు బాగానే ఉందన్నమాట.

బావిలో చేద వేసేవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. తాడు చేతుల్లోంచి జారితే అరచెయ్యి కాలుతుంది, ఒక్కసారిగా గట్టిగా పట్టుకుంటే భుజం గుంజుతుంది. క్లచ్ ప్లేట్లూ అంతే. ప్లేట్ల మధ్య పుట్టే వేడి, అవి మోసే టార్కును బట్టి, రెండు వైపుల వేగాల తేడాను బట్టి, ఎంతసేపు జారాయన్న దాన్ని బట్టి ఉంటుంది. గేరు మెత్తగా మారిందని మనం మెచ్చుకున్న ప్రతిసారీ ప్లేట్లు కొంచెం ఎక్కువసేపు జారాయి. ఊళ్ళో తిరిగేటప్పుడు అది లెక్కలోకి రాదు. నిండా మనుషులతో, ఎండాకాలంలో, ఘాటు ఎక్కేటప్పుడు అదే ప్లేట్లను మాడ్చేస్తుంది. యజమాని మెచ్చుకున్న ఆ ఆరు నెలల వెన్నే మూడో గేరు ప్లేట్లను తినేసింది.

మొదటి మరమ్మతు

బాక్సు దింపాను. మూడో గేరు క్లచ్ ప్యాక్‌లో, అంటే ఘర్షణ ప్లేట్లూ స్టీలు ప్లేట్లూ ఒకటి విడిచి ఒకటి పేర్చిన కట్టలో, ఘర్షణ ప్లేట్లు నల్లగా మాడి, కొన్నిచోట్ల పొర ఊడి ఉన్నాయి. స్టీలు ప్లేట్ల మీద నీలం మచ్చలు. మిగతా ప్యాకులు వాడకం అరుగుదల తప్ప బాగానే ఉన్నాయి. నా పని బల్ల మీద పరిచింది మా ఊరి నల్ల రాతిపలకే. నూనె తుడిస్తే పోతుంది, చిన్న బాల్ ఎక్కడ దొర్లినా చప్పుడు వినిపిస్తుంది. వాల్వ్ బాడీని దాని మీదే పరిచి, ప్రతి వాల్వూ తన బరువుకు తానే జారి పడుతోందా అని చూశాను. పడుతున్నాయి.

కొత్త ప్లేట్లు, స్టీళ్ళు, సీళ్ళు, బుషింగులు వేశాను. కన్వర్టర్‌ను కోయించి శుభ్రం చేయించడానికి బెంగుళూరు పంపాను, మాడిన పొడి అంతా అందులోనే చేరుతుంది. కొత్త ప్లేట్లను ఆయిల్‌లో పదిహేను నిమిషాలైనా నానబెట్టాలంటారు, నేను గంట నానబెడతాను. ప్యాకులో సందును గాలితో పిస్టన్‌ను నెట్టి డయల్ గేజితో కొలిచాను, 1.4 మిల్లీమీటర్లు వచ్చింది. ఒక్కో ఘర్షణ ప్లేటుకు పావు మిల్లీ అన్నది నేను పాటించే లెక్క. నాలుగు ప్లేట్లకు ఒక మిల్లీ. మందమైన స్టీలు ఒకటి మార్చి అక్కడికి తెచ్చాను. ఈ సందు ఎక్కువైతే పిస్టన్ దూరం ప్రయాణించాలి, పట్టు ఆలస్యమవుతుంది. అది దెబ్బగానూ అనిపించవచ్చు, జారుడుగానూ అనిపించవచ్చు.

వాల్వ్ బాడీ బిగించే ముందు కేసులోని క్లచ్ దారుల్లోకి గాలి పంపి చూశాను. ప్రతి ప్యాకూ "టక్" మని పట్టింది, గాలి ఎక్కడా కారలేదు. తృప్తిగా బాక్సు ఎక్కించాను. ఈ గాలి పరీక్ష ఏమి చెప్పిందో నాకు తెలుసు. ఏమి చెప్పలేదో ఆ రోజు ఆలోచించలేదు.

ఊళ్ళో బండి చాలా బాగుంది. ఘాటుకు తీసుకెళ్ళాను. కడప నుంచి రాయచోటి వెళ్ళే 40వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఈ ఘాటు లారీల పాలిట ఎంత చెడ్డదో మా వైపు అందరికీ తెలుసు. కానీ గేర్‌బాక్సును నిలదీసి అడగడానికి అంతకంటే మంచి చోటు నాకు దొరకలేదు. మే నెల, మధ్యాహ్నం, వెనుక సీట్లలో సిమెంటు బస్తాలు. సగం ఎక్కాక రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజను కొంచెం గొంతు పెంచింది. ఎక్కువ కాదు. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే సూది రెండు వందల యాభై పైకి లేచి దిగింది. పక్కన కూర్చున్న కుర్రవాడు గమనించనే లేదు. పైన గువ్వలచెరువులో ఆగి, ఆకులో పాలకోవా తింటూ ఆలోచించాను.

ఇక్కడ నేను తీసుకున్న నిర్ణయం

నా ఆలోచన ఇలా సాగింది. ప్లేట్లు కొత్తవి. ఒత్తిడి సరిగ్గా ఉంది. పంపు బాగుంది. గాలి పరీక్ష బాగుంది. అయినా బరువు మీద క్లచ్ ఆలస్యంగా పడుతోందంటే, క్లచ్‌కు ఆయిల్ చాలినంత వేగంగా అందడం లేదు. అందాలంటే దారి పెద్దది చేయాలి.

వాల్వ్ బాడీ రెండు ముక్కల మధ్య ఒక పలుచని స్టీలు రేకు ఉంటుంది. అందులోని చిన్న చిన్న రంధ్రాలే ఏ క్లచ్‌కు ఎంత వేగంగా ఆయిల్ వెళ్ళాలో నిర్ణయిస్తాయి. మూడో గేరు రంధ్రం రెండు మిల్లీమీటర్లు. దాన్ని 2.8 చేశాను. క్లచ్ దారిలో కుదుపును మింగడానికి ఒక అక్యుమ్యులేటర్ ఉంటుంది, అంటే స్ప్రింగు మీద కూర్చున్న చిన్న పిస్టన్. క్లచ్ నిండుతున్నప్పుడు ఆ పిస్టన్ వెనక్కి జరుగుతూ కొంత ఆయిల్‌ను తీసుకుంటుంది, అందువల్ల ఒత్తిడి ఒక్కసారిగా కాక వాలుగా పెరుగుతుంది. ఆ స్ప్రింగు కింద రెండు మిల్లీమీటర్ల వాషరు కూడా వేశాను, స్ప్రింగు బిగిస్తే వాలు కొంచెం ఎత్తులో మొదలవుతుందని.

ఇలాంటి మార్పులను గుత్తగా షిఫ్ట్ కిట్ అంటారు, వాటిలో మంచివి ఉన్నాయి. కిట్ తయారుచేసేవాళ్ళు రంధ్రం, స్ప్రింగు, వాల్వు అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా లెక్క చూసుకుంటారు. నేను చేసింది అలాంటి లెక్కతో కాదు, డ్రిల్లు పెట్టెలో చేతికి దొరికిన బిట్టుతో. రెండుకూ 2.8కీ తేడా కంటికి ఆనదు. ఆయిల్ వెళ్ళేది వ్యాసంలో కాదు, వైశాల్యంలో. 2.8ని రెండుతో భాగించి వర్గం చేస్తే 1.96. దారిని దాదాపు రెండింతలు చేశాను.

ఘాటు మీద ఇంజను గొంతు లేవడం పోయింది. బండి ఇచ్చేశాను.

వారం తర్వాత

అతను వచ్చి బండి దిగకుండానే అన్నాడు: "అన్నా, ఎక్కు. నువ్వే నడుపు."

పెద్ద దర్గా వైపు వెళ్ళే రద్దీలో, పెడల్‌ను వేలితో తాకినట్టు నడిపినా రెండు నుంచి మూడుకు మారేటప్పుడు వెనుక నుంచి ఎవరో తన్నినట్టుంది. "మా అమ్మ ఎక్కనంటోంది. కొత్త ప్లేట్లు వేశావు, డబ్బు ఇచ్చాను, మునుపటికంటే పాడైంది."

నేను వాదించాను. గట్టిగా మారితేనే ప్లేట్లు బతుకుతాయనీ, మెత్తదనం కోసమే కదా పోయినసారి మాడ్చుకున్నావనీ చెప్పాను. చెప్పినదాంట్లో అబద్ధం లేదు, కానీ అతను అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. బరువు మీద గట్టిగా మారడం వేరు. తేలికపాటి పెడల్ మీద దెబ్బ కొట్టడం వేరు. పెడల్ తేలికగా ఉన్నప్పుడు ఇంజను ఇచ్చే టార్కు తక్కువ, దాన్ని పట్టడానికి కావలసిన ఒత్తిడీ తక్కువే. ఆ సమయంలో రెండింతల దారిలో ఆయిల్ వచ్చి పడితే క్లచ్ అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువగా బిగుస్తుంది. ఘాటు మీద ఆ అదనం ఇంజను టార్కులో కలిసిపోతుంది కాబట్టి తెలియదు. నేను పరీక్షించింది ఘాటు మీదే. అమ్మగారు కూర్చున్నది బజారులో.

ఇక్కడ ఇంకో తప్పు చేశాను. కేబుల్‌ను మూడు మిల్లీమీటర్లు వదులు చేశాను. అంతకు ముందు మెకానిక్‌ను తిట్టుకున్న పనినే తక్కువ మోతాదులో నేనూ చేశాను. దెబ్బ కొంత తగ్గింది, పోలేదు. రెండు రోజుల తర్వాత ఫోను: ఘాటులో ఇంజను మళ్ళీ అరుస్తోంది. మధ్యలో ఎవరో చెప్పారని అతను సీసాలో అమ్మే మందు ఒకటి ఆయిల్‌లో పోశాడు. దాని వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు.

అంటే ఒకే గేరు, ఒకే క్లచ్, బజారులో గట్టి, ఘాటులో వదులు. అక్కడ ఆగాను. ఒత్తిడి తక్కువైతే రెండు చోట్లా వదులుగా ఉండాలి. ఎక్కువైతే రెండు చోట్లా గట్టిగా ఉండాలి. రెండూ ఒకేసారి కనిపిస్తున్నాయంటే తప్పు ఒకటి కాదు, రెండు. ఒక తప్పు మీద ఇంకో తప్పును కప్పానన్న అనుమానం మొదటిసారి ఆ రోజే వచ్చింది.

ఫోనుతో కొలవడం

ఇంతవరకు నేను గట్టి, మెత్త అనే మాటలతోనే నడిచాను. అతని వీపు ఒకటి చెబుతోంది, నా వీపు ఇంకొకటి. కొలత కావాలి. బాక్సుకు బయట ఒత్తిడి గేజి పెట్టే చోటు ప్రధాన ఒత్తిడిని మాత్రమే చూపిస్తుంది, క్లచ్ లోపలి ఒత్తిడిని కాదు.

కుర్రవాడు ఒక మాట అన్నాడు: "మేస్త్రీ, సూదిని వీడియో తీద్దామా?" ఫోను సెకనుకు ముప్ఫై బొమ్మలు తీస్తుంది, ఒక్కో బొమ్మ మధ్య 33 మిల్లీసెకన్లు. గేరు మారడం మొదలైనప్పటి నుంచి సూది కొత్త చోట నిలబడేవరకు బొమ్మలు లెక్కపెడితే ఎంతసేపు పట్టిందో తెలుస్తుంది. సూదికి తన బద్ధకం ఉంటుంది, అది కచ్చితమైన పరికరం కాదు. అయినా అదే బండి, అదే సూది, ముందూ తర్వాతా పోల్చడానికి చాలు. ఆటోమేటిక్ పని చేసే ప్రతి ఒక్కరూ ఈ రోజు నుంచే చేయగలిగిన పని ఇది, ఖర్చు లేదు.

బండి చల్లగా ఉండి, పెడల్ తేలికగా ఉన్నప్పుడు పది, పదకొండు బొమ్మలు. అంటే సెకనులో మూడో వంతు. ఈ కాలపు బాక్సులో, ఇంత పెద్ద ఇంజనుకు, తేలిక పెడల్ మీద నాకు తెలిసి అర సెకను పైనే పట్టాలి. ఘాటు మీద వేడిగా ఉన్నప్పుడు ముప్ఫై ఆరు బొమ్మలు, మధ్యలో సూది రెండు వందలు పైకి లేవడం. కన్వర్టర్ నుంచి వచ్చే గొట్టం మీద ఉష్ణోగ్రత తుపాకీ పెడితే 110 డిగ్రీలు.

వేడిలోనే వదులు. ఆయిల్ వేడెక్కి పలుచబడినప్పుడే వదులు. అయితే ఎక్కడో కారుతోంది. చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు కారని సందు.

పుస్తకం తీసి పాత పేజీ చూశాను. గీత గీయని మూడో వాక్యం అక్కడే ఉంది. వేడెక్కాక రివర్స్ ఆలస్యంగా పడుతుంది. కొత్త సీళ్ళతో పోతుందనుకున్నది పోయిందో లేదో నేను అడగను కూడా అడగలేదు. అడిగాను. "పోలేదన్నా, నువ్వు మూడో గేరు గురించే మాట్లాడుతున్నావని మళ్ళీ చెప్పలేదు."

ఈ బాక్సులో మూడో గేరుకూ రివర్స్‌కూ పనిచేసేది ఒకే క్లచ్ ప్యాక్. రెండు గేర్లలోనూ వేడికి అదే జబ్బు అంటే ఆ ప్యాకుకు ఆయిల్ వెళ్ళే దారిలోనే రోగం. ప్యాకు స్వయంగా కారడం లేదని గాలి పరీక్ష చెప్పింది. ఆ దారి మీద వేలాడుతున్న ఇంకొక వస్తువు ఏమిటి? అక్యుమ్యులేటర్. ఈ బాక్సులో దానికి ఆయిల్ వెళ్ళేది వాల్వ్ బాడీ గుండా. వాల్వ్ బాడీ విప్పి నేను క్లచ్ దారిలోకి గాలి పంపినప్పుడు అక్యుమ్యులేటర్ ఆ పరీక్షలో భాగమే కాదు. అదే ఆ గాలి పరీక్ష చెప్పని సంగతి.

బోరు

వాల్వ్ బాడీ మూడోసారి దింపాను. అక్యుమ్యులేటర్ పిస్టన్ తీసి, అది కదిలే గుండ్రటి గూడులో, అంటే బోరులో, వేలు పెడితే, పిస్టన్ రోజూ తిరిగే లోతులో నాలుగు గీతలు గోటికి తగిలాయి. మొదటిసారి కొత్త రబ్బరు రింగులు వేసి, గుడ్డతో తుడిచి, పైనుంచి లైటు వేసి చూసి సరే అనుకున్నాను. గీతలు కింద ఉన్నాయి, లైటు పైన ఉంది.

కారుతోందని కళ్ళతో చూడాలనిపించింది. పిస్టన్ ఎగిరిపోకుండా అడ్డపట్టీ బిగించి, బయటి వైపు ఆయిల్ పట్టించి, అవతల నుంచి రెండు కేజీల గాలి వదిలాను. చల్లగా ఉన్నప్పుడు అప్పుడొకటి అప్పుడొకటి బుడగ. ఆ చోటును వేడిగాలి యంత్రంతో కాచి మళ్ళీ వదిలితే బుడగలు వరుసకట్టాయి.

ఇప్పుడు కథ మొత్తం తిరగబడింది. క్లచ్‌కు వచ్చే ఆయిల్‌లో కొంత ఈ గీతల గుండా పోతోంది. దారి రెండు మిల్లీమీటర్లే ఉన్నప్పుడు వేడిలో ఆ నష్టం బయటపడింది. నేను దారిని రెండింతలు చేసి, కారేది కారగా మిగిలింది చాలేలా చేశాను. కారడం ఆగే చల్లటి వేళ ఆ అదనమంతా అమ్మగారి నడుముకు తగిలింది.

మొదట తేలిక మార్గం పట్టాను, మందమైన రబ్బరు రింగు. వేసేటప్పుడే పిస్టన్ బొటనవేలితో నొక్కితే కదలలేదు. కదలని అక్యుమ్యులేటర్ అంటే లేని అక్యుమ్యులేటరే అని తెలిసీ, ఆయిల్ తగిలితే సర్దుకుంటుందని బిగించాను. సర్దుకోలేదు. ఘాటులో జారుడు పోయింది, బజారులో దెబ్బ ఇంకా పెరిగింది. ఆ సాయంత్రం యజమానికి ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రంధ్రం పెద్దది చేసింది నేనేననీ, అసలు రోగం అప్పుడు చూడలేదనీ. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎన్ని రోజులు పడుతుంది?" అన్నాడు.

బాక్సు మళ్ళీ దింపాను. కేసును లేత్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మొదట నవ్వాడు, ఇంత పెద్ద డబ్బాలో ఇంత చిన్న బోరా అని. కేసు ముఖానికి బిగించే ఒక దారిపలక చేసి, దాని గుండా రంధ్రాన్ని పెంచే రీమరు వంకర పోకుండా దింపి, బోరును 0.4 మిల్లీమీటర్లు పెంచి, హోను చేసి, అంటే సానరాయితో లోపల నునుపు చేసి, గీతలు లేకుండా చేశాడు. అల్యూమినియం కడ్డీ నుంచి కొత్త పిస్టన్ తిప్పాడు. బోరుకూ పిస్టన్‌కూ సందు ఎంత ఇవ్వాలన్నది నేను పుస్తకంలో వెతకలేదు. అదే కేసులో ఆరోగ్యంగా ఉన్న పక్క అక్యుమ్యులేటర్‌ను కొలిచి అంతే ఇచ్చాం. రింగు గాడి లోతును కూడా దాన్ని చూసే పెట్టాం, రింగు నలిగే మోతాదు మారకుండా. ఆయిల్ రాసి నొక్కితే పిస్టన్ బొటనవేలి కింద సాఫీగా దిగి, స్ప్రింగు మీద తిరిగి లేచింది.

వాషరు తీసేశాను. కేబుల్ మళ్ళీ ఒక మిల్లీమీటరు లోపలికి. రంధ్రం పాడుచేసిన రేకు బదులు బెంగుళూరు పాత సామాన్ల నుంచి అదే బాక్సు రేకు తెప్పించి, రంధ్రం రెండు మిల్లీమీటర్లుగానే ఉంచాను. ఈసారి ఒక్కసారికి ఒక్కటే మార్చాలని నిర్ణయించుకున్నాను. బోరు ఒక్కటి బాగుచేస్తే ఏమవుతుందో చూడకుండా ఇంకేదీ ముట్టుకోకూడదు.

బజారులో పద్దెనిమిది బొమ్మలు. ఘాటులో, అవే బస్తాలతో, ఇరవై ఏడు. సూది పైకి లేవలేదు. రివర్స్ వేడిలోనూ సెకను లోపే పడింది.

ఇరవై ఏడు అంటే 0.9 సెకన్లు. ఇక్కడ ఆపవచ్చు, ఇంజను అరవడం లేదు కాబట్టి. నేను రెండు రోజులు ఆలోచించాను. మామూలు బండి అయితే ఆపేవాణ్ణి. ఇతను పెళ్ళిళ్ళ కాలంలో ఏడుగురిని ఎక్కించుకుని ఘాటు ఎక్కేవాడు, మా ఎండలు 43, 44 డిగ్రీలకు పోతాయి, ప్లేట్లు అప్పటికే ఒకసారి మాడిన చరిత్ర. బరువు మీద జారే సమయం కొంత తగ్గితే మంచిదే. కానీ ఎంత? ఈసారి వైశాల్యం లెక్కవేసి 2.2 బిట్టు తీశాను, ఇరవై ఒక్క శాతం ఎక్కువ. వాల్వ్ బాడీ ఐదోసారి విప్పాను. ఘాటులో ఇరవై ఒకటి, బజారులో పదిహేడు. బజారు లెక్క ఒక్క బొమ్మే మారింది. అక్యుమ్యులేటర్ తన పని చేస్తే రంధ్రంలో చిన్న తేడాను అదే మింగుతుందని అప్పుడు కళ్ళారా చూశాను.

ఈ కేసు తర్వాత నా షాపులో కొన్ని అలవాట్లు మారాయి. క్లచ్‌ల గాలి పరీక్షతోపాటు ప్రతి అక్యుమ్యులేటర్‌కూ వేడి చేసి బుడగల పరీక్ష చేస్తున్నాను, ఇరవై నిమిషాల పని. బండి తీసుకునేటప్పుడే మూడు రకాల వీడియోలు తీస్తున్నాను: చల్లగా తేలిక పెడల్, వేడిగా తేలిక పెడల్, వేడిగా బరువు. ఫిర్యాదు రాసుకున్నాక, చెప్పిన ప్రతి గేరుకూ లోపల ఏ ప్యాకు పనిచేస్తుందో పక్కన రాస్తున్నాను. ఆ రోజు ఇలా రాసి ఉంటే మూడో గేరు పక్కనా రివర్స్ పక్కనా ఒకే పేరు కనిపించేది, మే నెల మొత్తం మిగిలేది. డ్రిల్లు బిట్లు ఇప్పుడు తాళం వేసిన సొరుగులో ఉన్నాయి. కుర్రవాళ్ళకు కోపం వచ్చింది, నాకోసమే అని చెప్పాను.

కొత్త బాక్సులతో పనిచేసేవాళ్ళకు ఒక మాట. వాటిలో ఒత్తిడిని కంప్యూటరే సోలినాయిడ్లతో, అంటే కరెంటుతో పనిచేసే వాల్వులతో, నడుపుతుంది, ప్రతి గేరు మార్పుకు పట్టిన సమయాన్ని చూసి తనంతట తానే దిద్దుకుంటుంది. అందులో రంధ్రం పెద్దది చేస్తే కంప్యూటర్ కొంతకాలం దాన్ని కప్పిపుచ్చుతుంది, దిద్దుకునే హద్దు దాటాక ఒక్కసారిగా బయటపడుతుంది. మరమ్మతు తర్వాత పాత జ్ఞాపకాన్ని చెరిపి మళ్ళీ నేర్పించకుండా బండిని తీర్పు తీర్చడం కూడా అందులో తప్పు. నా పాత బాక్సుకు జ్ఞాపకం లేదు కాబట్టి నా తప్పు వారంలోనే బయటపడింది.

పది నెలలకు ఆయిల్ మార్పుకు వచ్చాడు. ఆయిల్ ఎర్రగానే ఉంది, బాక్సు కింది ఆయిల్ పాన్‌లోని అయస్కాంతం మీద సన్నటి బూడిద తప్ప రేకులు లేవు. అమ్మగారు వెనుక సీట్లో కూర్చుని ఉన్నారు. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు మాత్రం ఇంకా తెలుస్తోందన్నాడు. నడిపి, వీడియో తీసి, బొమ్మలు లెక్కపెట్టి పంతొమ్మిది అని చూపించాను. "నీ లెక్క సరే అన్నా, నాకు తెలుస్తోంది" అన్నాడు. చలికాలం పొద్దున్నే రివర్స్ వేస్తే ఒక చిన్న చప్పుడు కూడా వస్తోందట. అది బాక్సులోదా, వెనుక డిఫరెన్షియల్‌లోదా ఇంకా తేల్చలేదు. పుస్తకంలో రాసుకున్నాను, ఈసారి కింద గీత గీసి.